తేనెటీగ కుట్టిందని

మత్తు సూది ముఖం వరకే.
మాటకు మత్తివ్వలేదు.
ఆకుపచ్చ గుడ్డ కింద నుంచి జోర్కా చెబుతూనే ఉంది
ఆల్ప్స్ కింది ఊళ్ళో తన తేనెపెట్టెల సంగతి.

నా పని లెక్క.
డాక్టర్ రాకొవెత్స్ కత్తి అంచున లేపిన ఒక్కోదాన్నీ
పట్టకారుతో అందుకుని
ఫార్మలిన్ సీసాలో వేసి అంకె రాయడం.
ముక్కు పక్క మడతల్లో పదకొండు.
పై పెదవి మీద ఏడు.
ఆవగింజంతవి, పెసరగింజంతవి,
ఎడమ ముక్కుపుటాన్ని ఆనుకుని ఒక్కటి మాత్రం
బఠాణీ అంత.
చర్మం రంగే అన్నిటికీ.
లోపల్నుంచి ఎవరో వేలితో నొక్కి చూస్తున్నట్టు.

వాటి పేరు ఒక్క ఊపిరిలో పలకడం
పదిహేడేళ్ళ సర్వీసులో నాకు చాతకాలేదు.
వెంట్రుక కుదుళ్ళ దగ్గర దారి తప్పిన కణాలు.
అరుదు. వంశంలో వస్తాయి. ప్రాణానికేం కాదు.
ఫైలు మీద నిరపాయకరం అని ముద్ర కొట్టి ఉంటుంది.
మొదటిసారి వచ్చినప్పుడు ఆ ముద్ర చూసి
"ఎవరికి?" అని అడిగింది జోర్కా.
డాక్టర్ కళ్ళజోడు తుడుచుకున్నాడు.

పదమూడో ఏట బడిలో ఎవరో అడిగారట
ముఖానికేమైందని.
తేనెటీగలు కుట్టాయి, అందట.
వాళ్ళ నాన్న కూడా అదే చెప్పేవాడు కనుక
అది అబద్ధమని అనిపించలేదట.
ఆ తర్వాత రొట్టెల కొట్లో, బస్సులో, చర్చి మెట్ల మీద
అదే జవాబు.
ఒక జనవరిలో మాత్రం
చెయ్యి పట్టుకుని నడిచే పిల్ల ఒకతె తలెత్తి
"మంచులో ఈగలెక్కడివి?" అంది.
అప్పట్నుంచి చలికాలం నాలుగు నెలలూ
ముఖం చాటేసి
తలుపు వెనక మైనం కరిగిస్తూ కూర్చుంది.

లేజర్ మొదలైంది.
గదంతా కాలిన వెంట్రుకల వాసన.
గుడ్డ కింద మాట కాసేపు ఆగింది.
మళ్ళీ వచ్చినప్పుడు గొంతు మారింది.

"మా బూడిదరంగు ఈగలు సాధువులు, సిస్టర్.
చేతి తొడుగుల్లేకుండా పట్టు తీసినా
ఏమీ అనవు.
ముప్ఫై మూడేళ్ళు వాటి మీద నింద మోపాను."

ఇంకాసేపటికి
తనలో తను అనుకుంటున్నట్టు అంది:
"తాతకు తేనె గిట్టదు. టీలోకైనా చక్కెరే.
చెప్పులు కుట్టుకునే మనిషి
ఆ తొలి పెట్టెలు ఎందుకు కొన్నాడో
ఇంట్లో ఎవరూ అడగలేదు."

డాక్టర్ చెయ్యి ఒక్క క్షణం గాలిలో నిలిచింది.
నేను ముప్ఫై ఎనిమిది అని రాయాల్సిన చోట
ముప్ఫై ఏడు రెండోసారి రాశాను.

ఆ బఠాణీ తీసిన చోటే కుట్లు పడ్డాయి, నాలుగు.
కనురెప్ప వెంట్రుక కన్నా సన్నని దారం.
మిగతావి పచ్చి పుండ్లలా వదిలేశాం, వాటంతటవే మానతాయి.
మళ్ళీ రావచ్చు, అన్నాడు డాక్టర్.
కుదురు అలాగే ఉంటుంది, పైపైన చెక్కడమే మన పని.
తెలుసు, అంది.
గడ్డి కోసినవాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదట.

ఆరో రోజు కుట్లు విప్పించుకోవడానికి వచ్చింది.
ముఖమంతా గులాబీ రంగు మచ్చలు, వాపు.
నిజంగా ఈగలు ముసిరి కుట్టినట్టే ఉందిప్పుడు.
బస్సులో అడిగారా అన్నాను.
అడిగారట.
"కుట్టింది డాక్టరు" అని చెప్పిందట.
చెప్పి, నవ్వితే దారం లాగిందట.

వెంట చెల్లెలి కొడుకు వచ్చాడు, మాతిజ్.
పదకొండేళ్ళుంటాయేమో.
ముక్కు పక్కన కుడివైపు
ఒక్క ఆవగింజ.
నేను చూడనట్టు దూది మార్చాను.
వాడు చూశాడు నేను చూసింది.
అడక్కుండానే, లెక్కల ఎక్కం అప్పజెప్పినట్టు,
నాకు పదిహేడేళ్ళుగా నోరు తిరగని ఆ పేరు
ఎక్కడా తడబడకుండా చెప్పి,

"మా పెద్దమ్మ నేర్పింది" అన్నాడు.